ఆరో, ఆఠో

నాకు కోపం త్వరగా వస్తుంది. మనుషుల మీద వస్తే సర్దిచెప్పడానికి ఇంట్లో ఎవరో ఒకరుంటారు. కంప్యూటరు మీద వస్తే ఎవరూ ఉండరు. నాలుగేళ్ళ కిందట ఒడిశాలోని బరంపురంలో, లంజిపల్లిలో మేం అద్దెకున్న ఇంటి మేడగదిలో కూర్చుని నేను రోజంతా పోట్లాడింది ఒక సన్నటి నీలం గీతతో. ఆ గీత ఒక పడవ దారి. కింద రోడ్డు మీద స్కూటర్లు, ఆటోలు ఒకదాన్నొకటి తిట్టుకుంటూ పోతుంటే, నేను పైన ఆ గీతని తిడుతూ ఉండేదాన్ని.

నేను పనిచేసే చిన్న కంపెనీ పడవలు ఎక్కడున్నాయో ఒడ్డున ఉన్నవాళ్ళకు మ్యాపు మీద చూపించే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. పడవలో సబ్బుపెట్టెంత పరికరం ఒకటి పెడతాం. అది ఉపగ్రహాల కబుర్లు విని తానెక్కడుందో లెక్కగట్టుకుని, సెకనుకొక వాక్యం పంపుతుంది. మా పనిలో దాన్ని నిజంగానే వాక్యం అంటారు. డాలరు గుర్తుతో మొదలవుతుంది, మధ్యలో కామాలతో అంకెలు వస్తాయి, చివర నక్షత్రంలాంటి ఒక చుక్క గుర్తు, దాని పక్కన రెండక్షరాలు. ఆ వాక్యాలను చదివి గీతగా మార్చే ప్రోగ్రాం నాది.

బల్ల మీద పెట్టి చూస్తే ఇంత సులువైన పని ఇంకోటి లేదు. సముద్రం మీద అలా కాదు. పడవ ఊగుతుంది, ఉప్పునీళ్ళకు వైర్లు తుప్పు పడతాయి, బ్యాటరీ నీరసిస్తుంది, ఒడ్డు దూరమయ్యేకొద్దీ ఫోను సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది. అప్పుడు వాక్యాలు ముక్కలై వస్తాయి. ఒకదాని తల, ఇంకోదాని తోక అతుక్కుని ఒకే వాక్యంలా వస్తాయి. కాసేపు అసలేమీ రాదు. తర్వాత సిగ్నలు దొరగ్గానే పరికరం దాచుకున్నవన్నీ గుంపుగా వచ్చి పడతాయి, అరగంట కిందటి కబురు ఇప్పుడే పుట్టినట్టు. మొదట్లో నా ప్రోగ్రాం రాని అంకె చోట సున్నా వేసుకునేది. దాంతో మన పడవలు అక్షాంశం, రేఖాంశం రెండూ సున్నా అయ్యే చోట, ఆఫ్రికా పక్కన తేలేవి. ఆఫీసులో వారం రోజులు నన్ను చూసి నవ్వారు.

ఆ నవ్వులు తట్టుకోలేకే నేను అసలు తప్పు చేశాను. గీత గెంతకుండా ఉండాలని పంతం పట్టాను. వాక్యాలు ఆగిపోతే, పడవ అంతకుముందు ఏ వేగంతో ఏ దిక్కుకు పోతోందో అదే వేగంతో అదే దిక్కుకు పోతున్నట్టు నా ప్రోగ్రామే గీతను ముందుకు లాగేది. విరిగిన వాక్యంలోని అంకెలు కాస్త నమ్మేలా ఉంటే చాలు, వాటినీ లోపలికి రానిచ్చేది. రంభలో చిలికా సరస్సు మీద తిరిగే యాత్రికుల పడవల మీద దీన్ని పరీక్షించాం. ఆ పడవలు రోజూ ఒకే దారిలో వెళ్ళి ఒకే దారిలో వస్తాయి, కాబట్టి నేను నింపిన ఖాళీలన్నీ నిజమయ్యేవి. గీత ఎంత నున్నగా వచ్చిందంటే, మా ఆఫీసు పెద్దాయన దాన్ని ఫోనులో పెట్టుకుని అందరికీ చూపించాడు. నేను పొంగిపోయాను.

ఆ పొంగుతోనే చమఖండి వెళ్ళాను. ఛత్రపురం దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. అక్కడ సముద్రంలోకి వేటకు పోయే ఒక పడవకు మా పరికరం బిగించడానికి ఒప్పుకున్నారు. ఆ పడవ నడిపే తండేలు భార్యే నేను ఈ జ్ఞాపకాలు రాయడానికి కారణం. ఆవిడకు అప్పటికి నలభై అయిదేళ్ళుంటాయి. ఇసుక మీద, రేకుల కప్పు వేసిన చిన్న గదిలో ఒక వైర్‌లెస్ సెట్టు ఉండేది. ఆ తీరాన అరడజను పడవల దగ్గర చేతిసెట్లు ఉండేవి. వాటి గొంతులన్నీ వచ్చేది ఆవిడ చెవికే. చేపల గంపలు చూసుకుంటూ, వలలు బాగుచేసుకుంటూ, పగలంతా ఒక చెవి అటు పడేసి ఉండేది. నేను "మీరు" అంటే ఒప్పుకోలేదు.

"మీరేటి? నేనొక్కదాన్నే గదా ఉన్నాను. అప్పా అను, సాలు."

అలా మా అప్ప అయింది, అంటే అక్క. తెరమీద నీలం గీతను మొదటిసారి చూపించినప్పుడు నేను మెప్పుకోసం ఎదురుచూశాను. ఆవిడ చాలాసేపు చూసింది.

"ఇదేటి సెల్లీ, ఇంత సక్కగా ఎల్తంది? సముద్రం మీద ఏ పడవైనా ఇలాగ ఎల్తాదేటి?"

నాకు మండింది. చదువులేని మనిషికి ఏం తెలుసు అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు గాని అనుకున్నమాట నిజం, ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఆవిడ పనిచేసే తీరు నాకప్పుడు వింతగా తోచింది. పడవలోవాళ్ళు తామెక్కడున్నదీ చేతిలోని చిన్న జీపీఎస్ చూసి అంకెల్లో చెబుతారు. ముందు ఉత్తరానికి, తర్వాత తూర్పుకి. పెద్ద అంకెలు ఆ తీరాన ఎప్పుడూ మారవు కాబట్టి వాటిని వదిలేసి చివరివి మాత్రం చెబుతారు. అప్ప దగ్గర దానికొక కట్టుబాటు ఉంది. ప్రతి అంకెనూ ఒకపాలి తెలుగులో చెప్పాలి, ఒకపాలి ఒడియాలో చెప్పాలి. రెండూ కలిస్తేనే పలక మీద రాసేది. వినబడని అంకె చోట అడ్డగీత పెట్టేది. సున్నా చుడితే సున్నా అయి కూర్చుంటుందని గీత. ఆఫ్రికా పక్కన పడవలు తేలించిన నాకు ఆ గీత అప్పుడే కళ్ళు తెరిపించాలి. తెరిపించలేదు. రెండు భాషలూ వచ్చినవాళ్ళ ఆటలే అనుకుని లోలోపల నవ్వుకున్నాను.

రెండోవారం నేను అక్కడున్న ఒక ఉదయం గాలి లేచింది. వానలేదు, మబ్బులేదు, ఉత్త గాలి. తెల్లవారకముందే వెళ్ళిన పడవలు ఒక్కొక్కటే తిరిగొస్తున్నాయి. పదిగంటలయ్యేసరికి అప్ప భర్త పడవ ఒక్కటే మిగిలింది. అందులో ఆయనతో కలిపి నలుగురు. నేను లాప్‌టాప్ తెరిచి గది ముందు కూర్చున్నాను. నీలం గీత చక్కగా ఒడ్డువైపు వస్తోంది. చుట్టూ మూగిన మగవాళ్ళకు నేనే చూపించాను.

"వచ్చేస్తున్నారు, చూడండి. ఇంకో పావుగంట."

అప్పటిదాకా ఇంకో పడవను నీళ్ళలోకి దించుదామా అని ఆలోచిస్తున్నవాళ్ళు ఆ మాట విని ఇసుకలో కూలబడ్డారు. ఒకాయన బీడీ కూడా వెలిగించాడు. అప్ప మాత్రం నా తెరవైపు చూడలేదు. సముద్రం వైపు చూసింది, మళ్ళీ సెట్టు దగ్గరికెళ్ళి చెవి ఆనించింది.

"మా మావ గొంతు అక్కడి నుంచి రావట్నేదు. దగ్గిరకొత్తే గొంతు ఎంత బాగా ఇనబడతాదో నాకు తెల్దా?"

అంతలోనే సెట్టు గరగరమంది. గాలి హోరు, మాట, మళ్ళీ హోరు. "...పంకాకి తాడు సుట్టీసింది... ఇంజిను ఆగిపోనాది... కొట్టుకుపోతన్నాం..." ఆ మూడు ముక్కలూ మాత్రం అందరికీ వినిపించాయి. నేను నా తెర చూసుకున్నాను. పడవ హాయిగా ఒడ్డుకు వస్తూనే ఉంది.

తర్వాత నాకు తెలిసిన సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆయన వల తీసి ఇంటికి బయలుదేరాక కాసేపటికి పక్కన తేలుతున్న తెగిన తాడు ఒకటి పడవ కింద నీళ్ళలో తిరిగే పంకాకు చుట్టుకుంది. ఇంజిను మళ్ళీ మళ్ళీ తిప్పడంతో బ్యాటరీ పడిపోయింది. మా పరికరం తాగేది ఆ బ్యాటరీ కరెంటే. వాక్యాలు విరిగిపోయాయి, తర్వాత ఆగిపోయాయి. నా ప్రోగ్రాం మాత్రం ఆగలేదు. చివరిసారి విన్న వేగంతో, చివరిసారి విన్న దిక్కుకు, ఆ నలుగురినీ ఒడ్డుకు చేర్చేస్తోంది.

అప్ప బటను నొక్కి అడిగింది. "మావా, ఎక్కడున్నావు? తెలుగులో సెప్పు, ఒడియాలో సెప్పు. మెల్లగా సెప్పు."

హోరు. హోరులోంచి "ఆ..." అని ఒక్క అక్షరం. మళ్ళీ హోరు. ఆ తర్వాత తూర్పు అంకెలు రెండు భాషల్లోనూ శుభ్రంగా వచ్చాయి. ఉత్తరం అంకెల్లో మొదటిది ఎలాగూ ఒకటి అనే అంకే, ఆ రోజు వాళ్ళు వేటాడే నీళ్ళలో అది మారే వీల్లేదు. రెండోదే తేలాలి. ఆ రెండో అంకెకు మా చేతిలో ఉన్నది "ఆ" ఒక్కటే.

"ఆరు!" అన్నాను నేను. "అప్పా, ఆరే అది. రాసెయ్."

అప్ప పలక మీద అడ్డగీత పెట్టింది.

"ఆరో, ఆఠో నీకెలాగ తెలుసు?"

అప్పుడు నాకు వెలిగింది. తెలుగులో ఆరు. ఒడియాలో ఎనిమిదిని ఆఠ అంటారు. రెండూ "ఆ" తోనే మొదలవుతాయి. ఆయన అప్పుడు తెలుగులో చెబుతున్నాడో ఒడియాలో చెబుతున్నాడో ఆ ఒక్క అక్షరాన్ని బట్టి తెలీదు. పుట్టినప్పటినుంచి రెండు భాషలూ కలిపి మాట్లాడేదాన్ని, బజారులో బేరం ఒకదాంట్లో మొదలుపెట్టి ఇంకోదాంట్లో ముగించేదాన్ని, నాకా సంగతి ఎన్నడూ తట్టలేదు. ఆరుకూ ఎనిమిదికీ మధ్య రెండు నాటికల్ మైళ్ళ నీళ్ళు. గాలి లేచిన రోజున పిలుపుదూరంలో ఉన్న పడవే అలల మధ్య కనబడి మాయమవుతుంది.

మగవాళ్ళు లేచి పడవను నీళ్ళలోకి తోసేశారు. ఇంజిను వేసేశారు. అందులో పెద్దవాడు, అప్పకు వరసకు బావ, అరిచాడు.

"ఎటెల్లాలే? బేగి సెప్పు!"

"ఉండండి."

"ఉండడమేటి! గాలి సూసినావా? ఏదో ఒకటి సెప్పు!"

నేనూ ఆయన పక్షమే. ఆరు దగ్గరికి పంపి, అక్కడ లేకపోతే ఎనిమిదికి వెళ్ళమనొచ్చు గదా అన్నాను. అప్ప నన్ను చూసిన చూపు ఇంకా నాకు గుర్తుంది. తిట్టలేదు. కొట్టుకుపోయే పడవ మనకోసం ఆగదని, తప్పుచోట వెతికి వచ్చేసరికి ఒప్పుచోటు కూడా తప్పయిపోతుందని మాత్రం చెప్పింది. మళ్ళీ బటను నొక్కింది.

"మల్లీ సెప్పు, మావా. రెండో అంకె. తెలుగులో, ఒడియాలో."

"ఆరేనా అని అడుగు, అవునో కాదో చెప్తాడు," అన్నాను.

"అలాగ అడక్కూడదు. మనకి కావల్సింది అడిగితే గాలి కూడా ఊ అంటాది."

ఎంతసేపు గడిచిందో నాకు తెలీదు. ఐదు నిమిషాలు అయ్యుండొచ్చు. పడవలో బావ తిడుతూనే ఉన్నాడు. అప్ప మూడుసార్లు అడిగింది, అదే మాట, అదే గొంతు, కొంచెం కూడా పైకి పోకుండా. అవతల ఉన్నది ఆవిడ మొగుడు. నాలుగోసారికి హోరులోంచి మాట తోక ఒకటి బయటపడింది.

"...మిది..."

ఎనిమిదా, తొమ్మిదా? రెండింటికీ అదే తోక. నేను తల పట్టుకున్నాను. అప్ప మాత్రం తల పైకెత్తింది. గది బయటికి రెండడుగులు వేసి పడవవైపు చెయ్యి ఊపింది.

"ఎనిమిది! ఉత్తరం పద్దెనిమిది! ఎల్లండి!"

పడవ అలను చీల్చుకుని వెళ్ళిపోయింది. నాకు అర్థం కావడానికి అర నిమిషం పట్టింది. "ఆ" తో మొదలయ్యేవి తెలుగు ఆరు, ఒడియా ఎనిమిది. "మిది" తో ముగిసేవి తెలుగు ఎనిమిది, తెలుగు తొమ్మిది. రెండింటిలోనూ ఉన్నది ఎనిమిది ఒక్కటే. ముక్క మాట ఒకటి, ఇంకో ముక్క మాట ఒకటి. విడివిడిగా ఏదీ పనికిరాదు. రెండూ కలిస్తే ఇంకొక దారే లేదు. ఆవిడ ఊహించలేదు, తేల్చింది. మా చదువులో ఇలాంటివి నేర్పడానికి పెద్ద పెద్ద పుస్తకాలున్నాయి. నేను వాటిని పరీక్షల కోసం చదివి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ రేకుల గది ముందు నిలబడి, ఇంత గొప్ప బుర్రను నేను నా జన్మలో చూడలేదనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

ఇక ఎదురుచూడటమే మిగిలింది. అప్ప గడపలో కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. లాప్‌టాప్ ఇంకా తెరిచే ఉంది. తెరమీద పడవ ఒడ్డుకు చేరి, ఆగకుండా ఇసుక ఎక్కి, సరుగుడు తోటలు దాటి ఛత్రపురం వైపు పోతోంది. ఇంకాసేపు వదిలితే రైలు పట్టాలు కూడా దాటేది. అప్ప అది చూసి నవ్వింది. అంత ఆదుర్దాలోనూ నవ్వింది.

"మా మావ బజారుకెల్తన్నాడేటి?"

నేను మూత వేసేశాను. ఏడుపొచ్చింది. ఆ నవ్వు కాస్తా ఆగిపోయాక, నేను అడగకుండానే చెప్పింది.

"మా తమ్ముడప్పుడు కూడా ఇలాగే గాలి. ఇలాగే ఆ అన్నాడు. అప్పుడీ రెండు బాసల మాట నేదు. ఎవుడికి నోటికేదొత్తే అది సెప్పీవోడు. నేను ఆరని రాసీసినాను. పలక మీద ఆ ఖాళీని సూడ్నేకపోనాను సెల్లీ. ఖాళీ ఉంటే వాడే నేడన్నట్టు అనిపించింది. నింపీసినాను."

పలకను ఒళ్ళోకి తీసుకుని దాని మీది అడ్డగీతను వేలితో తడిమింది.

"వాడు సరిగ్గానే సెప్పినాడు. మల్లీ అడిగితే మల్లీ సెప్పీవోడు. నేనడగనేదు."

ఆ అంకెలు రెండు భాషల్లో ఎందుకు చెప్పిస్తుందో అప్పుడు తెలిసింది నాకు. తమ్ముడి పడవ దొరకలేదట. ఆ ఏడాది ఆవిడ సెట్టు ముట్టలేదట. తర్వాత తానే వచ్చి కూర్చుంది. కూర్చునేముందు పడవలవాళ్ళందరినీ పిలిచి కట్టుబాటు పెట్టింది. ఏడుకీ, ఒకటిని ఒడియాలో అనే ఏకకీ గొడవ, నాలుగుకీ, తొమ్మిదిని ఒడియాలో అనే నఅకీ గొడవ అని ఒక్కొక్కటే పట్టుకుని వాళ్ళచేత వల్లెవేయించింది. మొదట అందరూ ఎగతాళి చేశారట. ఆవిడ మాత్రం రెండు భాషల్లో చెప్పనివాడికి జవాబివ్వడం మానేసింది. పది రోజుల్లో అందరూ దారికొచ్చారు.

మధ్యాహ్నం దాటాక రెండు పడవలు కనిపించాయి. ముందొకటి, తాడు కట్టి లాగుతూ. అప్ప లేచి నిలబడి, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని తలలు లెక్కపెట్టింది. తర్వాత గబగబా నీళ్ళలోకి నడుచుకుంటూ వెళ్ళి మొగుణ్ణి నానా తిట్లూ తిట్టింది. ఆయన అన్నీ పడ్డాడు.

సాయంత్రం ఆవిడ పెట్టిన చద్దన్నం, ఎండుచేప తింటూ నేను ఆ రోజు వచ్చిన వాక్యాలన్నీ తెరిచి చూశాను. ఆవిడ పక్కకు వచ్చి కూర్చుంది. అంకెలు తప్ప ఏ అక్షరమూ చదవలేని మనిషి, వరసల రూపం చూసి వేలు పెట్టింది.

"అన్నింటికీ సివర ఈ సుక్కేటి? ఇదిగో, ఈడ నేదు. ఈడా నేదు."

చెప్పాను. ఆ చుక్క పక్కనుండే రెండక్షరాలు వాక్యంలోని మిగతా అక్షరాలన్నిటినీ కలిపి తీసిన గుర్తు. దారిలో ఒక్క అక్షరం మారినా, రాలినా, ఆ గుర్తు సరిపోదు. అంటే వాక్యం పూర్తిగా వచ్చిందా, పాడైందా అన్నది ఆ తోక చూసి తెలుసుకోవచ్చు. చెబుతుండగానే నా గొంతు తగ్గిపోయింది, తర్వాత ప్రశ్న ఏమిటో నాకు తెలుసు కాబట్టి.

"అయితే నీ మిసనుకి మంచీసెడ్డా తెలుసు. మరి నువ్వెందుకు సూడ్నేదు?"

చూడకుండా దాటేసే వరస రాసింది నేనే. గీత గెంతుతోందని, తోక లేని వాక్యాలనూ లోపలికి రానిమ్మని నా చేత్తో నేనే రాశాను. ఆ మాట చెప్పాను. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. నా కంచంలో ఇంకో చేపముక్క వేసింది.

"నువ్వూ ఖాళీని సూడ్నేకపోనావు. తిను."

లంజిపల్లి తిరిగొచ్చి ఆ ప్రోగ్రాం మొత్తం విప్పాను. డాలరు గుర్తు కనబడేదాకా వచ్చిన చెత్తంతా పారేయడం. మధ్యలో ఇంకో డాలరు కనబడితే అప్పటిదాకా పోగుచేసింది వదిలేసి మళ్ళీ మొదలుపెట్టడం. చివరి గుర్తు సరిపోకపోతే అంకెలు ఎంత ముద్దుగా ఉన్నా గుమ్మం దాటనివ్వకపోవడం. వాక్యంలోని టైము చూసి పాత కబురును పాతదానిలాగే పక్కన పెట్టడం. వాక్యాలు ఆగితే గీతనూ ఆపేయడం. ఆగినచోట చుక్క బూడిదరంగుకు మారి, పక్కన రెండు మాటలే కనబడతాయి. చివరిగా విన్నది ఎప్పుడో ఒకటి. ఇప్పుడెక్కడుందో తెలీదని ఇంకొకటి. మళ్ళీ సిగ్నలొచ్చాక పాతచోటినీ కొత్తచోటినీ గీతతో కలపదు, మధ్యన ఖాళీ అలాగే ఉంటుంది.

ఇందులో ఏదీ నేను కనిపెట్టింది కాదు, పనిలో పాతికేళ్ళున్న ఎవరైనా చెప్పేదే. అయినా మా ఆఫీసు పెద్దాయన కొత్త తెర చూసి మొహం చిట్లించాడు. ఇదేంటమ్మా, ఇన్ని చిల్లులు, జనం మన వస్తువు పాడైందనుకుంటారు అన్నాడు. నేను ఆయనకు ఇసుక ఎక్కి రైలు పట్టాలవైపు పోయిన గీతను చూపించాను. ఆ టైముకు నిజంగా పడవ ఎక్కడుందో చూపించాను. చాలాసేపు అరిచాను కూడా. ఆయన మంచివాడు కాబట్టి ఉద్యోగం నిలిచింది, చిల్లులూ నిలిచాయి.

నెల తర్వాత కొత్త ప్రోగ్రాం పెట్టుకుని చమఖండి వెళ్ళాను. గాలి మామూలుగానే ఉంది. పడవలు సముద్రం మీదున్నాయి. ఎనిమిదిన్నరకు నీలం గీత ఆగిపోయింది. చుక్క బూడిదరంగైంది. పక్కన నిమిషాలు ఒక్కొక్కటే పెరుగుతున్నాయి. నాలుగు, అయిదు, ఆరు. ఏదో ఒకటి గీయాలని చేతులు లాగాయి. ఖాళీని చూస్తూ కూర్చోవడం ఇంత కష్టమని నాకు తెలీదు. గది ముందు కూర్చున్న ఆడవాళ్ళు మెడలు సాచి చూశారు.

"ఏటిది? పాడైపోనాదా? ఏటీ సూపించట్నేదు," అంది ఒకామె.

అప్ప నా భుజం మీదుగా వంగి తెర చూసింది. బూడిదరంగు చుక్కను చూసింది, దాని ముందున్న ఖాళీని చూసింది. ఆవిడ చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది.

"సూపిత్తంది," అంది. "తెల్దని సూపిత్తంది."

ఇంకెవరూ ఏమీ అనకముందే సెట్టు దగ్గరికెళ్ళి బటను నొక్కి, మొగుణ్ణి అడగడం మొదలుపెట్టింది.